ఏడో పేరుగా కాదు, ఏడో మనిషిగా

(కాడుగోడిలో తెలుగు క్రైస్తవ పీజీ విద్యార్థుల కూడికలో ఒక సోదరి చేసిన ప్రసంగ పాఠం)



మీలో చాలామంది మెట్రోలో వచ్చారు. చివరి స్టేషన్‌లో దిగారు. 2023 మార్చి 25న ఆ స్టేషన్ తెరిచారు. దాని పేరు గమనించారా? ముందు వైట్‌ఫీల్డ్ అని రాసి, పక్కన బ్రాకెట్లో కాడుగోడి అని రాశారు. స్టేషన్ నిలబడిన నేల కాడుగోడిది. ముందు వచ్చిన పేరు వైట్‌ఫీల్డ్‌ది. ఆ బోర్డు చూసినప్పుడల్లా నాకు మన సేవాసంస్థలు గుర్తొస్తాయి. సంస్థ ఎవరి కోసం పెట్టామో వాళ్ళు బ్రాకెట్లో ఉంటారు. నడిపేవాళ్ళం మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంటాం.

ఈ రోజు నన్ను మాట్లాడమన్న విషయం ఇది. పీజీ చదువుతున్న పిల్లలు సేవాసంస్థల పాలకవర్గాల్లో, అంటే మనం మామూలుగా బోర్డు, కమిటీ అంటామే వాటిలో పనిచేసి నాయకత్వం నేర్చుకోవచ్చా? నా జవాబు ముందే చెప్పేస్తాను. నేర్చుకోవచ్చు. అయితే అక్కడ నేర్చుకునేది మైకు పట్టుకునే నాయకత్వం కాదు. ఇతరుల డబ్బుకీ, ఇతరుల పిల్లలకీ మనం జవాబుదారీగా ఉండే నాయకత్వం. దానికి సిద్ధంగా లేకపోతే ఆ కుర్చీలో కూర్చోవద్దని చెప్పడానికి కూడా వచ్చాను.

మన సంఘాల్లో యువతకి మనం ఏమిస్తున్నామో ఒకసారి చూడండి. ఏడాదికో యువజన ఆదివారం ఇస్తాం. క్రిస్మస్ నాటిక ఇస్తాం. కీబోర్డు, ప్రొజెక్టర్ అప్పగిస్తాం. కుర్చీలు వేయడం, తీయడం ఎలాగూ వాళ్ళదే. లెక్కల పుస్తకం మాత్రం ఇవ్వం. ఎం.కాం. చదివే అమ్మాయి వెనక వరసలో కూర్చుని ఉంటుంది, ముందు వరసలో ముగ్గురు పెద్దవాళ్ళు జమాఖర్చులు కుదరక తలలు పట్టుకుంటారు. ఆ అమ్మాయిని పిలిచి చూడమందామని ఎవరికీ తోచదు. ఆ అమ్మాయికీ లేచి అడగాలని తోచదు. రెండు వైపులా అలవాటే.

నా సంగతి చెబుతాను. అది గొప్ప సంగతేమీ కాదు.

నేను బెంగళూరులో ఎం.ఎస్.డబ్ల్యు. రెండో ఏడు చదువుతున్నాను. నాకు 23 ఏళ్ళు. ఒక చిన్న సేవాసంస్థ కట్టడం కూలీల పిల్లల కోసం ఒక గదిలో బాలవాడి నడిపేది. పాలమూరు నుంచి, కర్నూలు నుంచి వచ్చిన కూలీలు. తల్లులు పొద్దున్నే పనికి వెళ్తూ పిల్లల్ని దింపేవాళ్ళు, సాయంత్రం వచ్చి తీసుకెళ్ళేవాళ్ళు. నేను శనివారాలు వెళ్ళి పాటలు నేర్పేదాన్ని. ఒకరోజు ఆ సంస్థ పెద్దాయన ఒకరు, "అమ్మా, కమిటీలో ఒకరు తగ్గారు. ఏడుగురు ఉండాలి. నీ పేరు ఇవ్వు" అన్నారు. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఇంటికి ఫోన్ చేసి, "నాన్నా, నన్ను బోర్డులో వేశారు" అని చెప్పాను. మా నాన్న మా ఊళ్ళో అందరికీ చెప్పాడు.

మొదటి మీటింగులో నేను టీ అందించాను. రెండో మీటింగులో మాట్లాడింది అంతా ఇంగ్లీషులో. కోశాధికారి గారు లెక్కలు గబగబా చదివారు. నాకు రెండు మూడు చోట్ల అర్థం కాలేదు. అడిగితే చదువు రాదనుకుంటారేమోనని తల ఊపాను. మూడో మీటింగు అసలు జరగనే లేదు. మినిట్స్ పుస్తకం స్కూటర్ మీద నా హాస్టల్‌కి వచ్చింది. "ఇక్కడ ఒక సంతకం పెట్టండి" అన్నారు. అప్పటికే నలుగురు పెట్టి ఉన్నారు. మర్నాడు నాకు పరీక్ష. పెట్టేశాను.

తర్వాతి నెల శనివారం వెళ్తే గదికి తాళం వేసి ఉంది. బయట ఒక తల్లి చంటిదాన్ని ఎత్తుకుని నిలబడి ఉంది. నన్ను చూసి అడిగింది. "సంతకం నువ్వు గూడ పెట్టినవంట గదమ్మా? ఏం రాసిన్రో చదివినవా?"

నేను చదవలేదు. ఆ పుస్తకంలో ఉన్నదేమిటంటే, రావలసిన విరాళం ఆలస్యమైంది కాబట్టి అద్దె భారం తగ్గించుకోవడానికి బాలవాడిని తాత్కాలికంగా ఆపడమైనదని. నా చేత్తో నేనే ఆపాను.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఆ కమిటీలో ఎవరూ దొంగలు కారు. అందరూ మంచివాళ్ళే, ప్రార్థనాపరులే. డబ్బు నిజంగానే రాలేదు. కానీ ఆ తల్లి ఇంకో మాట అంది. "మమ్ముల అడిగితే మేస్త్రీతోని మాట్లాడి సైటుకాడ షెడ్డు ఇప్పిస్తుంటిమి." ఏడుగురికీ తెలియని పరిష్కారం ఆమెకు తెలుసు. ఏడుగురిలో ఒక్కరం కూడా ఆమెను అడగలేదు. అడగాలని కూడా అనుకోలేదు.

తర్వాతి మీటింగులో నా గొంతు వణికింది. అయినా అడిగాను. నేను చదవకుండా సంతకం పెట్టానని మినిట్స్‌లో రాయమన్నాను. ఇకనుంచి కూర్చోకుండా తీర్మానాలు చేయవద్దన్నాను. ఇద్దరు తల్లుల్ని పిలిచి మాట్లాడదామన్నాను. మీటింగు ఆదివారం రాత్రి ఎనిమిదింటికి పెట్టి, తెలుగులో జరుపుదామన్నాను, వాళ్ళు పని నుంచి వచ్చి వంట చేసుకుని రావాలి కదా. ఒకరిద్దరికి కోపం వచ్చింది. మిగతావాళ్ళు ఒప్పుకున్నారు. సైటు షెడ్డు దొరికింది. కాని ఇదంతా అయ్యేసరికి ఐదు నెలలు పట్టింది. మునుపు 11 మంది పిల్లలు వచ్చేవాళ్ళు. తిరిగి ఏడుగురే వచ్చారు. మిగతా నాలుగు కుటుంబాలు వేరే సైటుకి వెళ్ళిపోయాయి. వాళ్ళ పిల్లలు ఏమయ్యారో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆ తల్లి మాత్రం ఆ తర్వాత మూడేళ్ళు కమిటీలో కూర్చుంది. వేలిముద్ర వేసేది. వేసేముందు ఒకరి చేత మొత్తం చదివించుకునేది. ఎం.ఎస్.డబ్ల్యు. చదివిన నేను చేయనిది, బడికి వెళ్ళని ఆమె చేసింది.

నాయకత్వం గురించి నేను చదివిన పుస్తకాలన్నీ ఒక పక్క, ఆ తాళం వేసిన తలుపు ఒక పక్క.

ఇప్పుడు వాక్యం వైపు రండి. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం. ఆ భాగం మీద మనం ఎక్కువగా ఆత్మతో నిండినవాళ్ళ గురించే ప్రసంగాలు వింటాం. అది నిజమే. కాని అక్కడ సంగతి మొదలైంది ఒక ఫిర్యాదుతో. ప్రతి రోజూ జరిగే పంపకంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు అందడం లేదు. హెబ్రీ మాట్లాడేవాళ్ళకు అందుతోంది. భాష తేడా వచ్చిన చోట అన్నం తేడా వచ్చింది. అపొస్తలులు ఏం చేశారు? సణగవద్దని కసురుకోలేదు. ప్రార్థన చేసుకోండి, అంతా సర్దుకుంటుంది అని పంపేయలేదు. ఏడుగురిని ఎన్నుకోమన్నారు. ఎన్నుకున్నది కూడా జనమే. ఆ ఏడుగురి పేర్లు ఈసారి నిదానంగా చదవండి. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. ఎవరికి అన్నం అందలేదో వాళ్ళ వైపు మనుషుల చేతికే గరిటె ఇచ్చారు. అది సంఘంలో మొదటి కమిటీ అనుకుంటే, ఆ కమిటీలో బ్రాకెట్లో ఎవరూ లేరు.

డబ్బు సంగతి కూడా చూడండి. యేసు ప్రభువు శిష్యుల సంచి ఒక్కడి దగ్గర ఉండేది. ఆ ఒక్కడు ఏం చేశాడో యోహాను దాచకుండా రాశాడు. పౌలు యెరూషలేము బీదల కోసం చందా పోగుచేసినప్పుడు మాత్రం దాన్ని ఒక్కడే తీసుకెళ్ళలేదు. తీతుతోపాటు సంఘాలు నమ్మిన సహోదరుల్ని కూడా పంపించాడు. ఎందుకని? తన మీద ఎవరూ వేలెత్తి చూపకూడదని, దేవుని ఎదుటే కాదు మనుషుల ఎదుట కూడా లెక్క సరిగ్గా ఉండాలని. రెండో కొరింథీ ఎనిమిదో అధ్యాయంలో ఉంది. అపొస్తలుడికే ఇద్దరు తోడు కావాల్సి వస్తే, మన కోశాధికారి గారికి అక్కర్లేదా? లెక్క అడగడం అవిశ్వాసం కాదు. అడిగేవాళ్ళు ఉండటం కోశాధికారికే రక్ష.

మరి చిన్న వయసువాళ్ళకి ఇది సాధ్యమా అంటారేమో. మన తెలుగు సంఘ చరిత్రలోనే జవాబు ఉంది. డోర్నకల్ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు. ఆయన ఫోటో చూస్తే పెద్దాయన కనిపిస్తారు. మనం ఆ ఫోటోనే గుర్తు పెట్టుకున్నాం. నేను చెప్పేది అంతకుముందు అజరయ్య గురించి. 1874లో తిరునల్వేలి ప్రాంతంలో పుట్టారు. చదువు అవుతూనే, 1895లో, 21 ఏళ్ళకి వై.ఎం.సి.ఎ.లో కార్యదర్శిగా చేరారు. 1903 ఫిబ్రవరిలో, ఇంకా 29 నిండకముందే, తోటివారితో కలిసి తిరునల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టారు. మనుషులు మనవాళ్ళే, డబ్బు మనదే, నడిపేదీ మనమే అన్నది వాళ్ళ పట్టుదల. అప్పట్లో పెద్ద నిర్ణయాలన్నీ విదేశీ మిషనరీల బల్ల దగ్గర జరిగేవి. 1905 క్రిస్మస్ రోజున శ్రీరాంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ మొదలైంది. అప్పటికి ఆయనకు 31. దానికీ కార్యదర్శిగా పనిచేశారు. అంటే ఉత్తరాలు రాయడం, చందాలు పోగుచేయడం, పైసాపైసాకీ లెక్క చెప్పడం, భిన్నాభిప్రాయాలున్న పెద్దల్ని ఒక చోట కూర్చోబెట్టడం. 1912 డిసెంబరు 29న ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యారు. ఆ రోజు ఆయన మీద చేతులుంచింది కలకత్తాలో. కాని బిషప్ పనికి ఆయన్ను తయారుచేసినవాటిలో ఆ చిన్న సొసైటీల కమిటీ గదులు కూడా ఉన్నాయి.

ఇంకో సంగతి గమనించండి. తిరునల్వేలి సొసైటీ తన మనుషుల్ని పంపింది డోర్నకల్ ప్రాంతానికి, తెలుగువాళ్ళ దగ్గరికి. అజరయ్య గారు కూడా 1909లో గురువుగా అభిషేకం పొంది అక్కడికే వెళ్ళారు. తమిళ మనిషి ముప్పై దాటాక తెలుగు నేర్చుకున్నాడు. ఎవరికి సేవ చేస్తున్నాడో వాళ్ళ భాషలోకి తానే నడిచి వెళ్ళాడు, వాళ్ళను తన భాషలోకి రమ్మనలేదు. ఈ మాట మనకెందుకంటే, బెంగళూరులో మనం తెలుగువాళ్ళం. మన తెలుగు సంస్థల చుట్టూ ఈ రోజు ఎవరున్నారు? కన్నడ మాట్లాడే పేదలున్నారు. ఒడియా, బెంగాలీ, హిందీ మాట్లాడే కూలీలున్నారు. ఒకప్పుడు నేను ఉన్న కమిటీ ఇంగ్లీషులో మాట్లాడి పాలమూరు తల్లిని మర్చిపోయింది. రేపు మీరున్న కమిటీ తెలుగులో మాట్లాడి ఒడియా తల్లిని మర్చిపోవచ్చు. గ్రీకు విధవరాలు ఎప్పుడూ ఒకే భాష మాట్లాడదు.

సరే, ఎలా మొదలుపెట్టాలి?

అమెరికాలో ఎం.బి.ఎ. చదువుతున్న మన పిల్లలకి ఒక పద్ధతి తెలిసే ఉంటుంది. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలోని కెలాగ్ స్కూల్, స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీలోని హాస్ స్కూల్ లాంటి చోట్ల బోర్డ్ ఫెలోస్ అనే కార్యక్రమం నడుస్తుంది. విద్యార్థిని ఒక సేవాసంస్థ బోర్డులో కూర్చోబెడతారు. ఓటు ఉండదు. ఒక బోర్డు సభ్యుడు మార్గదర్శిగా ఉంటాడు. కూర్చుని వినడం ఒక్కటే కాకుండా, సంస్థకు నిజంగా అక్కరకొచ్చే పని ఒకటి చేసి ఇవ్వాలి. ఈ పద్ధతిలో నాకు నచ్చింది ఆ ఓటు లేకపోవడమే. మొదట వినడం, తర్వాత పని, ఆ తర్వాతే అధికారం. మన దగ్గర అమ్మాయి పేరు ముందు కాగితం మీదికి ఎక్కిస్తాం, పని ఎప్పుడూ అప్పగించం. అది తలకిందులు.

అలాంటి కార్యక్రమం మన కాలేజీకి వచ్చేదాకా ఆగక్కర్లేదు. మీకు తెలిసిన ఒక చిన్న సంస్థకు వెళ్ళండి. ట్యూషన్ సెంటరు కావచ్చు, వృద్ధాశ్రమం కావచ్చు, కూలీల హక్కుల సంఘం కావచ్చు, మన సంఘం నడిపే హాస్టల్ కావచ్చు. "నాకు పదవి వద్దు, ఓటు వద్దు. ఒక ఏడాది మీ మీటింగుల్లో కూర్చోనివ్వండి. దానికి బదులు ఈ పని చేసిపెడతాను" అని అడగండి. ఎం.కాం. వాళ్ళు వోచర్లు సర్ది పెట్టండి. లా చదివేవాళ్ళు నియమావళిని తెలుగులో, కన్నడలో అందరికీ అర్థమయ్యేలా రాసిపెట్టండి. కంప్యూటర్ చదివేవాళ్ళు దాతల జాబితా, హాజరు పట్టికలు సరిచేయండి. వేదాంతం చదివేవాళ్ళు ఇళ్ళకు వెళ్ళి, సంస్థ సేవలు పొందే పది మందితో కూర్చుని మాట్లాడి, వాళ్ళ మాటలు వాళ్ళ మాటల్లోనే రాసి కమిటీ ముందు పెట్టండి. అన్నిటికంటే కష్టమైన పని అదే.

సమయం లేదంటారా? చిన్న సంస్థ మూడు నెలలకోసారి రెండు గంటలు కూర్చుంటుందనుకోండి. ముందురోజు కాగితాలు చదవడానికి ఇంకో రెండు గంటలు. ఏడాదికి 16 గంటలు. ఐ.పి.ఎల్. మ్యాచ్‌లు నాలుగైదు మానుకుంటే సరిపోతుంది.

కూర్చున్నాక ఏం చూడాలో కూడా చెబుతాను. మీరు చదువుకున్నవాళ్ళు. మీకు చట్టం కొంచెం తెలియాలి.

మొదటిది, సంస్థ పుట్టుక. మన దేశంలో సేవాసంస్థ సొసైటీగా ఉండవచ్చు, ట్రస్టుగా ఉండవచ్చు, కంపెనీల చట్టం 8వ సెక్షన్ కింద లాభాపేక్ష లేని కంపెనీగా ఉండవచ్చు. 1860 నాటి కేంద్ర సొసైటీల చట్టం ప్రకారం కనీసం ఏడుగురు కావాలి. 1960 నాటి కర్ణాటక చట్టమూ అంతే. పాలకవర్గం జాబితా ఏటా రిజిస్ట్రార్‌కి ఇవ్వాలి. ఆ జాబితాలో ఎవరి పేర్లున్నాయి? వాళ్ళు నిజంగా మీటింగులకి వస్తున్నారా? ఒకే ఇంటివాళ్ళు ఎంతమంది? ఇది అడగండి.

రెండోది, డబ్బు. పన్ను మినహాయింపు ఉన్న సంస్థ తన ఆదాయంలో కనీసం 85 శాతం ఆశయం కోసం ఖర్చు పెట్టాలన్నది మామూలు నియమం. విదేశీ విరాళాలు తీసుకునే సంస్థకు 2010 నాటి చట్టం ఉంది, దానికి 2020లో సవరణలు వచ్చాయి. ఆ డబ్బు ముందుగా ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాకే రావాలి. మరో సంస్థకు ఇవ్వడానికి వీల్లేదు. పరిపాలన ఖర్చు మునుపు 50 శాతం దాకా ఉండవచ్చు, ఇప్పుడు 20 శాతం దాటకూడదు. ఆర్థిక సంవత్సరం ముగిసిన తొమ్మిది నెలల్లోగా, అంటే డిసెంబరు 31 లోపల వార్షిక నివేదిక ఇవ్వాలి. ఒక తేదీ తప్పితే హాస్టల్లో పిల్లల అన్నం ఆగిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి ఇవి గుమాస్తా పనులని తీసిపారేయకండి. క్యాలెండర్‌లో ఆ తేదీ గుర్తు పెట్టడం కూడా పరిచర్యే.

మూడోది, భద్రత. పదిమంది లేక అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండి తీరాలని 2013 చట్టం చెబుతోంది. అందులో కనీసం సగం మంది స్త్రీలు ఉండాలి, బయటి వ్యక్తి ఒకరు ఉండాలి. క్రైస్తవ సంస్థలకి మినహాయింపు లేదు. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం. సంఘం పరువు పోతుందని, లోపల్లోపల మాట్లాడుకుందామని ఎవరైనా అంటే ఆ గదిలో చిన్నవాళ్ళయిన మీరే లేచి నిలబడాలి. సంఘం పరువు కంటే బిడ్డ ఎక్కువ.

నాలుగోది, తీర్మానం. ఏ కాగితం మీదయినా సంతకం పెట్టేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. నేను ఇది పూర్తిగా చదివానా? దీనివల్ల ఎవరి రోజు మారుతుంది? వాళ్ళను ఎవరైనా అడిగారా? మూడిట్లో ఒక్కదానికి జవాబు లేకపోయినా, "నాకు రెండు రోజులు కావాలి" అనండి. నేను ఆ ఒక్క మాట అని ఉంటే ఆ గదికి తాళం పడేది కాదేమో.

ఇక జాగ్రత్తలు రెండు.

ఒకటి, ఏడో పేరు కావద్దు. మన ఊళ్ళలో సంస్థ రిజిస్టర్ చేసేటప్పుడు ఏడుగురు కావాలి కాబట్టి బావమరిది పేరు, అత్తగారి పేరు, యూత్‌లో ఒకరి పేరు రాసేస్తారు. ప్రేమతోనే అడుగుతారు. "పేరు ఇస్తే చాలు, ఏం పనిలేదు" అంటారు. ఏం పనిలేదు అన్నారంటే, మీరు అక్కడ అక్కర్లేదని అర్థం. కాని రేపు ఏదైనా తేడా వస్తే మాత్రం ఆ ఏడు పేర్లలో మీదీ ఉంటుంది. మర్యాదగా చెప్పండి. "అన్నా, ఏడో పేరుగా రాను, ఏడో మనిషిగా పిలిస్తే వస్తాను." పిలిస్తే వెళ్ళండి. వెళ్తే పని చేయండి.

రెండోది, మన గుండెలోపలి సంగతి. బయోడేటాలో బోర్డు మెంబర్ అని రాసుకోవడం తప్పేమీ కాదు. ఉద్యోగం కావాలి, ఇంట్లో అప్పులున్నాయి, నాకు తెలుసు. మనలో చాలామంది ఇళ్ళలో మొదటిసారి కాలేజీ మెట్లెక్కినవాళ్ళం. మన అమ్మానాన్నలు ఏ బోర్డులోనూ కూర్చోలేదు. వాళ్ళ గురించి వేరేవాళ్ళు నిర్ణయాలు తీసుకున్నారు. మంచినీళ్ళ కుళాయి ఎక్కడ వేయాలో, హాస్టల్ సీటు ఎవరికివ్వాలో, శ్మశానం ఎక్కడుండాలో అన్నీ ఇంకెవరో కూర్చుని రాశారు. అలాంటి ఇంటి నుంచి వచ్చిన బిడ్డ ఇప్పుడు ఆ బల్ల దగ్గర కూర్చుంటోంది. బయోడేటాలో అది ఒక్క వరస. మన వాడకి మాత్రం అది ఒక తరం. కూర్చున్నాక మనం కూడా వెనక్కి చూడకపోతే, బల్ల మీద మనుషులు మారారు గాని బల్ల మారలేదన్నమాట.

అందుకే మీ పదవీకాలం బాగా గడిచిందో లేదో తెలుసుకోవడానికి నా దగ్గర ఒకే కొలత ఉంది. మీరు దిగిపోయేటప్పుడు మీ కుర్చీలో ఎవరు కూర్చున్నారు? ఆ సంస్థ సేవ ఎవరి కోసమో వాళ్ళలో ఒకరు కూర్చుని ఉంటే, మీరు నాయకులే. మీలాంటి చదువుకున్న మరో స్నేహితుడు కూర్చుంటే, మంచిదే, కాని పని ఇంకా మిగిలి ఉంది.

ఒకసారి ఈ ఊరు సంగతి తలుచుకుని ముగిస్తాను. మన పక్కనున్న వైట్‌ఫీల్డ్ కూడా ఒక సంఘం వల్ల పుట్టిందే. 1882లో మైసూరు మహారాజు చామరాజ ఒడయార్ ఆంగ్లో ఇండియన్ల సంఘానికి 3,900 ఎకరాలు ఇచ్చారు. ఆ సంఘాన్ని నడిపిన వైట్ దొర పేరు మీదే వైట్‌ఫీల్డ్ వచ్చింది. సంఘాలు ఊళ్ళు కట్టగలవు. కమిటీ గదుల్లో రాసిన కాగితాలు 140 ఏళ్ళ తర్వాత కూడా మెట్రో స్టేషన్ మీద పేర్లై నిలబడతాయి. ఆ వైట్‌ఫీల్డ్‌లోనే 1963లో మొదలైన ఎక్యుమెనికల్ క్రిస్టియన్ సెంటర్ కూడా ఉంది. సంఘభేదాలు పక్కన పెట్టి క్రైస్తవులు ఒక చోట కూర్చుని ఆలోచించడానికి పెట్టిన చోటు అది. అంటే ఈ నేలకి కూర్చుని ఆలోచించడం కొత్త కాదు. ఎవరిని కూర్చోబెడుతున్నాం అన్నదే ప్రశ్న.

ఈ రాత్రి హాస్టల్‌కి వెళ్ళాక ఒక పని చేయండి. మీకు తెలిసిన ఒక సంస్థ పేరు కాగితం మీద రాయండి. దాని కింద దాని కమిటీ సభ్యుల్లో మీకు తెలిసినవాళ్ళ పేర్లు రాయండి. ఆ పక్కన, ఆ సంస్థ ఎవరి కోసం నడుస్తోందో వాళ్ళలో మీకు తెలిసిన ఒక్కరి పేరు రాయండి. మొదటి వైపు పేర్లు ఉండి రెండో వైపు ఖాళీగా ఉంటే, మీ పని ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసినట్టే. రేపు వెళ్ళి ఆ ఒక్కరి పేరు తెలుసుకోండి. బోర్డులో చేరడం ఆ తర్వాత.

తిరిగి వెళ్ళేటప్పుడు స్టేషన్ పేరు ఇంకోసారి చూడండి. బ్రాకెట్లో ఎవరున్నారో గుర్తు పెట్టుకోండి.

దేవుడు మిమ్మల్ని దీవించును గాక.